నేలను తిట్టే రోజు

వానలు పూర్తిగా తగ్గి, ఉత్తరపు గాలి ఇళ్ళ మీదా ఆకుల మీదా సన్నటి దుమ్ము చల్లడం మొదలుపెట్టాక, ఏదో ఒక ఉదయం బైందు కొన్ని కోలా గింజల్ని ఆకులో చుట్టుకొని కినెయి కల్లోన్ ఇంటికి బయలుదేరేది. కొండవాలు కింద ఎప్పుడూ నీరూరే పల్లపు నేల, బాడవ, అంతా కల్లోన్ కుటుంబానిది. అందులో దిగువ మలుపు దగ్గరి చెక్కలో బైందు వరి వేసుకుంటోంది. ఏడాదికొకసారి దాన్ని మళ్ళీ కొత్తగా అడగాలి. అడగాలంటే ముందు దాన్ని తిట్టాలి.

ఒకరి నేలను ఇంకొకరు పొగడడమంటే దాని మీద కన్ను వేయడమే. ఈ సంగతి ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే అడిగి చేసుకునేవాళ్ళు యజమాని అరుగు మీద కూర్చొని నేలలోని లోపాలన్నీ ఏకరువు పెట్టేవాళ్ళు. ఆయన ఓపిగ్గా వినేవాడు. ఇంత పనికిమాలిన దాన్ని పరాయివాళ్ళు చేసుకుంటే తనకు పోయేదేమీ లేదని మనసు ఒప్పుకున్నాక ఒక గింజను కొరికి, సగం తిరిగి ఇచ్చేవాడు. దాంతో ఆ ఏడాదికి మాట అయిపోయినట్టు.

"ఎలా ఉందమ్మా మా నేల?" అనేవాడు కినెయి, వలఊయల్లోంచి లేవకుండానే.

"ఏం నేల పెద్దయ్యా. మోకాలి లోతు ఊబి. సగం కుళ్ళుతుంది, కుళ్ళనిది ఎర్రబడుతుంది."

"మరి వదిలెయ్యరాదూ?"

"వదిలేసి ఎక్కడికి పోను? ఇంతకన్నా మంచిది నాలాంటిదానికి ఎవరిస్తారు?"

"మీ ఆయన కల్లు గీస్తూ చెట్టు మీంచి పడ్డాడు చూడు, అప్పుడు గట్టి నేల మీద కాకుండా నా బాడవలో పడి ఉంటే నడుము దక్కేది. దానికి ఆ ఒక్క గుణం ఉంది. మెత్తన." ఆయన నవ్వేవాడు. బైందు కూడా నవ్వేది. నవ్వడం కూడా ఆ అడగడంలో భాగమే.

యుద్ధం రోజుల్లో ఏరు దాటి వచ్చినవాళ్ళు బైందూ, ఆమె భర్త లాహై. వచ్చి ఎన్నేళ్ళయినా ఊరికి వాళ్ళు వచ్చినవాళ్ళే. లాహై చెట్టు మీంచి పడ్డ దగ్గర్నుంచీ అరుగు మీదే ఉంటాడు. వలలు అల్లుతాడు, దారిన పోయేవాళ్ళని పలకరించి ఆటపట్టిస్తాడు. ఇంటికి బియ్యం రావాలంటే అది బాడవలోంచి, బైందు చేతుల మీదుగానే రావాలి. అన్నం తినని రోజున ఏం తిన్నా తిననట్టే చెప్పుకునే ఊరు. కడుపునిండా కర్రపెండలం తిన్నవాళ్ళు కూడా, ఇవాళ మా ఇంట్లో ఏమీ తినలేదు అంటారు. అబద్ధమనిపించదు వాళ్ళకి.

తిట్టడం మొదట్లో బైందుకు కష్టం కాలేదు. అదంతా నిజమే కాబట్టి. వాలు మీంచి మట్టి కిందుగా దిగే ఊటలో ఇనుము ఉండేది. నిలిచిన నీటి మీద నూనె తెట్టులాగా రంగులు తేలేవి. నాట్లు వేసిన నెలకి ఆకుల కొసలు తుప్పు రంగుకి తిరిగేవి. ఆ తుప్పు మెల్లగా మొదలు దాకా పాకేది. పిలకలు వేయాల్సిన దుబ్బులు ముడుచుకొని కూర్చునేవి. కోసినదంతా తట్టలో వేస్తే తట్ట అంచు కనబడుతూనే ఉండేది.

అప్పుడు సియా వచ్చింది. బాడవల్ని బాగుచేసే పథకంలో పనిచేసే మనిషి. ఎర్రమట్టి కొట్టుకున్న మోటారు సైకిలు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, గట్టి గొంతు. ఊరి చావిడిలో అందరినీ కూర్చోబెట్టి పుల్లతో నేల మీద గీసి చూపించింది. వాలు అంచు వెంట బోదె తవ్వి ఎర్ర ఊటని అక్కడే పట్టేసి పక్కనుంచి ఏట్లోకి దింపెయ్యాలి. నేలని మడులుగా కోసి, సమం చేసి, చిన్న గట్లు వేసి, వాననీటిని మాత్రమే ఆపాలి. మధ్యలో ఒకసారి మడిని ఆరబెట్టి మళ్ళీ తడపాలి. పెద్ద ఖర్చు లేదు, పారలూ చేతులూ చాలు.

ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళకి అర్థం కాలేదనుకొని ఆమె ఇంకా నెమ్మదిగా, ఇంకా పెద్ద గీతలతో మళ్ళీ చెప్పింది.

వాళ్ళకి అర్థమైంది. గట్టు ఉండిపోతుంది. ఏడాదికని అడిగి తెచ్చుకున్న నేలలో ఉండిపోయే పని చేసినవాడు తానూ ఉండిపోవాలని చూస్తున్నట్టే. చెట్టు నాటినా అంతే. ఒకవేళ యజమాని చూసీచూడనట్టు ఊరుకున్నా, నేల బాగుపడిందంటే ఆ కోత కాగానే ఆయన కొడుక్కో కోడలికో చోటు అవసరపడేది. కోపం ఉండదు, గొడవ ఉండదు. యజమానులకి మెట్ట పొలాలున్నాయి, తోటలున్నాయి, బాడవ మీద వాళ్ళకి ధ్యాస లేదు. ధ్యాస కలిగిన రోజున అది వాళ్ళదవుతుంది. చెడ్డనేల ఒక్కటే మన చేతిలో నిలిచే నేల. చావిడిలో కూర్చున్నవాళ్ళందరూ సియాకి చెప్పలేకపోయింది ఇదే. చెప్పాలంటే కినెయి కల్లోన్ ముందు చెప్పాలి. ఆయన అక్కడే, ముందు వరసలో, ఆసక్తిగా గీతలు చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం ఏటి దగ్గర సియా బూట్లు కడుక్కుంటుంటే బైందు వెళ్ళి పక్కన నిలబడింది.

"ఆ గీతలు ఇంకోసారి గీసి చూపించు చెల్లీ."

"పొద్దున్న అడగలేదేం అక్కా? అందరూ నోట్లో గంజి పోసుకున్నట్టు కూర్చున్నారు."

"పొద్దున్న తలనొప్పి."

ఎందుకు వెళ్ళిందో బైందుకు తెలియదు. ఆకలి వల్ల అనుకుంది. కాని ఆకలి ఆ ఏడాది కొత్తగా వచ్చింది కాదు. సియా పుల్లతో గీసిన గీతలో నీరు ఒక దారిన వచ్చి ఇంకో దారిన పోతుంది, చెప్పిన చోట ఆగుతుంది. ఆమె జీవితంలో చెప్పిన చోట ఆగింది ఏదీ లేదు. ఆ గీతని చూస్తున్నప్పుడు ఒంట్లో ఎక్కడో బిగుసుకున్న ముడి ఒకటి వదులైంది. దాన్ని వెతుక్కుంటూ వచ్చింది.

ఆ ఎండాకాలమంతా తవ్వింది. దారికి ఆనుకొని ఉన్న తుంగనీ జమ్మునీ ముట్టుకోలేదు. అది మనిషెత్తున తెరలా నిలబడింది. తెర వెనక మడులు ఒకదాని తర్వాత ఒకటి చదునయ్యాయి. వాలు అంచున బోదెలో ఎర్రనీరు తనదైన వేరే లోకంలో పారుతున్నట్టు పక్కనుంచి వెళ్ళిపోయేది. వానలు వచ్చాక మడుల్లో నిలిచిన నీటిలో మబ్బులు కనబడ్డాయి. అంతకు ముందు ఆ నీటిలో ఏదీ కనబడేది కాదు.

"పొలానికి ముసుగేశావు, కొత్త పెళ్ళికూతురికి వేసినట్టు," అన్నాడు లాహై. "పెళ్ళికొడుకెవరో మరి."

"నువ్వే. లేచి రా, చూపిస్తా."

"నా నడుముని పంపిస్తా. దానికి బురదంటే భయం లేదు ఇప్పుడు."

ఆ ఏడు కంకులు తల వంచుకునేంత బరువెక్కాయి. కోసిన ధాన్యాన్ని ఆమె కట్టెల కిందా కర్రపెండలం ఆకుల కిందా దాచి, కొద్దికొద్దిగా, ఏటివైపు దారి తిప్పుకొని ఇంటికి చేర్చింది. దంచుతున్నప్పుడు చప్పుడు ఎక్కువ రాకుండా రోజూ ఇంతని దంచేది. తమ ధాన్యాన్ని తామే దొంగిలించి తెచ్చుకుంటున్నట్టుండేది. ఎర్రనూనె వేసి వండిన ఆకుకూరతో అన్నం తింటూ లాహై తలుపు వైపు చూసేవాడు.

తిట్టడం కష్టమయింది ఆ తర్వాతే.

"ఏం నేల పెద్దయ్యా," అని మొదలుపెట్టగానే ఛాతీలో ఏదో అడ్డుపడేది. మాటలు వచ్చేవి, అలవాటైన మాటలే. కాని ఆ మాటలంటున్న మనిషి పక్కనే ఇంకో మనిషి నిలబడి, చెవులు మూసుకొని, కాదు కాదు అంటున్నట్టు ఉండేది. ఆ రెండో మనిషి ఎవరో ఆమె గుర్తుపట్టింది; కొడుకుని తిట్టిన రోజుల్లో పక్కన నిలబడ్డది కూడా ఆమే. ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టిన కొడుక్కి, వాడినైనా చావు వదిలేయాలని అత్తగారు చెత్తకుప్ప అని పేరు పెట్టింది. కుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఎవరైనా అడిగితే, ఏం పిల్లాడు, చూడ్డానికే అసహ్యం అని బైందు చెప్పేది. చెబుతూ వాడి కాళ్ళని గుడ్డకింద నిమిరేది. వాడు నడిచాడు, మాటలు నేర్చాడు. ఆ పేరు పెట్టి పిలిస్తే నవ్వుతూ వచ్చేవాడు. ఏరు దాటిన ఏడాదే జ్వరం వచ్చి పోయాడు. చావుకి ఆ పేరు నచ్చిందో, లేక మొదటి నుంచీ సంగతి తెలిసి ఊరుకుందో. ముసుగులు వేసి ఏదీ దాచలేమని ఆ రోజే ఆమెకు తెలిసింది. తెలిసినదాన్ని మనసు పక్కన పెట్టేసింది, అంతే. మనసు చేసే పనుల్లో అదే పెద్దది.

పక్క చెక్క చేసుకునే టెన్నే ఒకరోజు తుంగ తప్పించి లోపలికి తొంగి చూసింది. తర్వాత, "నీది కూడా పాడైపోయిందే పాపం," అంది పెద్దగా, ఎవరో వింటున్నట్టు. మర్నాటి నుంచి టెన్నే చెక్కలోంచి కూడా పార చప్పుడు వినబడింది.

మూడో పంట పిలకలు వేస్తున్న రోజుల్లో సియా మళ్ళీ వచ్చింది. మడుల మధ్య నడుస్తూ వంగి ఆకులు తాకింది. లేచేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఎన్ని ఊళ్ళు తిరిగానో తెలుసా అక్కా? ఎక్కడా ఎవరూ ముట్టుకోలేదు. నేను చెప్పడమే రాదేమో అనుకున్నా. మూడు వారాలు పోయాక వచ్చే శుక్రవారం మా పెద్ద ఆఫీసు వాళ్ళు వస్తున్నారు. నీ మడులు చూపిస్తా."

"వద్దు చెల్లీ."

"సిగ్గెందుకు?"

"సిగ్గు కాదు. ఊరికే వద్దు. ఇంకెవరిదైనా చూపించు."

"ఇంకెవరిది ఉంది? పొద్దున్నే కినెయి గారికి కూడా చెప్పాను. మీ నేలని బంగారం చేసిందండీ అన్నాను. ఎంత సంబరపడ్డారో. తనూ వస్తానన్నారు."

బైందు నీటి వైపు చూసింది. నీటిలో మబ్బు కదలకుండా ఉంది. కోపం రావాలి కదా అనుకుంది. రాలేదు. ఎప్పుడో రావాల్సిన మనిషి ఇవాళ వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నట్టు అనిపించింది.

కినెయి రెండు రోజులాగి తనే వచ్చాడు. లాహై పక్కన అరుగు మీద కూర్చొని వలని చేతిలోకి తీసుకొని చూశాడు.

"దీంట్లో చేపలు పడతాయా, కన్నాలే పడతాయా?"

"కన్నాలు పడితే వాటినే కూర వండుకుంటాం పెద్దయ్యా," అన్నాడు లాహై.

"మీకేమయ్యా, మీ ఆవిడ నా బాడవలో బంగారం తవ్విందటగా. మా అరుగు మీదికొచ్చి మాత్రం ఊబి అంటుంది, ఎరుపంటుంది. నాలుక అంత తిరిగినావిడని నేనెక్కడా చూళ్ళేదు." ఆయన మాటలో కోపం లేదు. నిజంగానే ముచ్చటపడుతున్నాడు. "ఏమ్మా బైందూ, నీ చేతిలో ఏదో ఉంది. మా వాళ్ళెవరికీ అది లేదు."

"చేతిలో బురద తప్ప ఏముంది పెద్దయ్యా."

"ఆ బురదే." ఆయన వల కింద పెట్టాడు. "మా రెండో కోడలు చోటు లేదని రోజూ పోరు పెడుతోంది. కోత అయ్యాక ఆ మలుపు చెక్క దానికిచ్చేద్దాం. నిన్ను ఊరికే పొమ్మననులే. ఎగువన, రెల్లు ఉంది చూడు, ఆ చెక్క తీసుకో. దాన్నీ ఇలాగే చేద్దువుగాని."

"దాన్ని కూడా చేశాక?" అన్నాడు లాహై. తమాషాగానే అన్నాడు.

"చేశాక చూద్దాం. నేల పారిపోతుందా? ఎగువన ఇంకా బోలెడుంది." కినెయి ఆమె తెచ్చిన నీళ్ళు తాగి, దీవించి వెళ్ళాడు.

ఆ మాట బైందులో ఉండిపోయింది. పని చేస్తున్నా వంట చేస్తున్నా ఆమెకు బాడవ మొత్తం కనబడేది. దిగువ నుంచి ఎగువకి, రెల్లు కొట్టి, బోదె తవ్వి, సమం చేసి, ఇచ్చేసి, మళ్ళీ పైకి. తను ముందు నడుస్తుంటే వెనక పచ్చటి మడులు ఒక్కొక్కటి మూసుకుపోతున్నాయి. చివరకి వాలు ఎక్కి, రాళ్ళ దగ్గర, పారతో నిలబడి ఉంటుంది. అక్కడినుంచి చూస్తే కింద బాడవ ఎంత బాగుంటుందో. ఎవరైనా అడిగితే పొగడవచ్చు కూడా అప్పుడు. తనది కాదని అందరికీ తెలుసు కాబట్టి.

ఒక ఉదయం ఇంకా పొయ్యిలు రాజకముందే బైందు పార తీసుకొని దిగువ మలుపుకి వెళ్ళింది.

ఆలోచించి వెళ్ళలేదు. ఆలోచిస్తే కాళ్ళు కదలవని తెలుసు. వాలు అంచున బోదె ఏటిలో కలిసే చోట బంకమట్టి తీసి అడ్డం వేసింది. అరచేతులతో అదిమింది, చీలికలు లేకుండా వేళ్ళతో మెత్తింది. ఎంత చక్కగా కట్టానో అని ఒక క్షణం అనిపించింది. చేతులకి మంచీ చెడూ తెలియవు, పని తెలుసు. ఎర్రనీరు ఆగింది, నిండింది, ఎటు పోవాలో తెలియక కొద్దిసేపు వణికింది. ఆమె పై గట్టుకి గండి కొట్టింది. నీరు బయటికి పోయే కింది మడవ మూసింది. నీరు మొదటి మడిలోకి దిగింది. నల్లగా నవనవలాడుతున్న దుబ్బుల మధ్య తుప్పురంగు తీగలా సాగి, విరిగి, కలిసిపోయింది. ఆమె గట్టు మీద కూర్చొని చూసింది. లేచి నీటిని ఆపడానికి ఇంకా వ్యవధి ఉంది. ఎండ మోకాళ్ళ మీదికి వచ్చేదాకా ఆ వ్యవధి ఉంది. తర్వాత పోయింది.

ఈ ఒక్క ఏడే కదా, అనుకుంది. ఒక్క పంట పోతే నేల నిలుస్తుంది. ఈ లెక్క సరిగానే ఉంది. ఎందుకో లెక్క సరిగ్గా ఉండడమే ఆమెను భయపెట్టింది.

ఇంటికి వచ్చేసరికి లాహై మేలుకొని ఉన్నాడు. ఆమె కాళ్ళ వైపు చూశాడు. మోకాళ్ళ దాకా ఎర్రటి బురద. ఈ మూడేళ్ళుగా ఆమె కాళ్ళకి నల్లబురదే అంటుకుంటోంది.

"జారాను," అంది.

అతను ఏదో అనబోయాడు. తమాషా మాటే అయి ఉంటుంది, నోరు ఆ వంపు తిరిగింది. అనలేదు. వల తీసుకొని అల్లడం మొదలుపెట్టాడు. ఒక వరస పూర్తయ్యాక, "కర్రపెండలం తవ్వుకు రావాలి అయితే," అన్నాడు. ఆ సంగతి గురించి వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మాటలు అవే.

వారం తిరిగేసరికి కొసలు ఎర్రబడ్డాయి. బైందు రోజూ వెళ్ళింది. వెళ్ళాల్సిన పని లేదు, అయినా వెళ్ళింది. ఎక్కడో ఒక దుబ్బు ఇంకా పచ్చగా ఉంటే దాని దగ్గర ఆగేది. దాన్ని పీకెయ్యాలో కాపాడాలో తెలిసేది కాదు. ఇంకో వారానికి ఆ ప్రశ్న లేకుండా పోయింది.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక అందరూ వచ్చారు. ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు, బట్టలకి బురద అంటకుండా గట్ల మీద ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. కినెయి చేతికర్రతో ముందు నడిచాడు. తుంగ తెర తప్పించగానే సియా ఆగిపోయింది.

మడులన్నీ కాలిపోయినట్టున్నాయి. నీటి మీద రంగుల తెట్టు మెరుస్తోంది.

"ఇదేనా?" అన్నాడు వచ్చినవాళ్ళలో పెద్దాయన, మర్యాదగా.

సియా నీళ్ళలోకి దిగింది. ఒక దుబ్బు పీకి వేళ్ళు చూసింది. అవి ఎర్రగా, పొట్టిగా ఉన్నాయి. వాలు అంచు దాకా నడిచింది. బోదె చివర వంగి చాలాసేపు ఉండిపోయింది. అక్కడ బంకమట్టి ఎండి గట్టిపడింది. దానిలో వేళ్ళ గుర్తులు, అరచేతి మడత గుర్తు, స్పష్టంగా ఉన్నాయని బైందుకు తెలుసు. అది చెరపాలని ఎన్నోసార్లు అనుకుంది. ఎందుకు చెరపలేదో ఇప్పుడు ఆ వంగిన వీపుని చూస్తుంటే తెలిసింది. ఒక్క మనిషికైనా తెలియాలని.

సియా లేచి వెనక్కి చూసింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. తర్వాత ఆమె ఆ మట్టిని నీళ్ళతో తడిపి, అరచేత్తో రుద్ది గుర్తుల్ని తుడిచేసింది. నీళ్ళలో నడిచి వచ్చింది.

"ఇక్కడ ఊట ఎక్కువగా ఉందండీ," అంది పెద్దాయనతో. "నేను సరిగ్గా అంచనా వేయలేదు. తప్పు నాది."

కినెయి అప్పటిదాకా పెదవి బిగించుకొని ఉన్నాడు. ఒక్కసారిగా నవ్వు బయటికొచ్చింది. "నేను చెప్పలా? మా నాన్న చెప్పేవాడు, ఆయన నాన్న చెప్పేవాడట, ఆ మలుపులో దయ్యం కూడా వరి వేయదని. బంగారం అంటే నేనూ నమ్మాను, చూడు. ముసలితనం." ఆయన బైందు వైపు తిరిగాడు. "అబద్ధాలు చెబుతున్నావనుకున్నానమ్మా నువ్వు. తప్పయిపోయింది. నా కోడలికి ఇది చూపిస్తే నా మొహం మీద కొడుతుంది. నువ్వే ఉంచుకో."

"మీ దయ పెద్దయ్యా."

"దయ కాదే పిచ్చిదానా, వదిలించుకుంటున్నా."

అందరూ నవ్వారు. బైందు కూడా నవ్వింది.

వెళ్ళేముందు సియా ఏటి దగ్గర బూట్లు కడుక్కుంది. బైందు వెళ్ళి మొదటిసారి నిలబడ్డ చోటే నిలబడింది.

"నాతో చెప్పాల్సింది," అంది సియా తలెత్తకుండా. "నేను పెద్దవాళ్ళతో మాట్లాడేదాన్ని. ఇన్నేళ్ళ దాకా తీసుకోకూడదని వాళ్ళచేత మాట ఇప్పించేదాన్ని."

"ఆ ఏళ్ళయిపోయాక?"

బూటు మీద నీళ్ళు పోయడం ఆగింది.

"మీ ఊళ్ళో మీవాళ్ళు నేల ఇచ్చేవాళ్ళా, అడిగేవాళ్ళా చెల్లీ?"

"ఇచ్చేవాళ్ళం." బూటు విప్పి చేతిలోకి తీసుకొని మళ్ళీ అంది, "మా అమ్మ మంచిదే అక్కా. ఎవరినీ ఊరికే పొమ్మనేది కాదు. ఎగువన ఇంకో చెక్క చూపించేది." ఆ మాట బయటికి వచ్చాక తనే దాన్ని విన్నట్టు, చేతిలో బూటుతో అలాగే ఉండిపోయింది.

ఆమె మళ్ళీ రాలేదు. వేరే జిల్లాకి పంపారని ఎవరో అన్నారు. ఈ బాడవ పనికిరాదని నిర్ణయించారని కూడా అన్నారు. టెన్నే తన చెక్కలో సగం తవ్విన బోదెని పూడ్చేసింది. "నీదే అలా అయితే నాదెంత," అంది. ఎవరూ వింటున్నట్టు కాదు, మామూలు గొంతుతోనే అంది. నిజం చెప్పాలని బైందు నోరు తెరిచింది. ఏ నిజం చెప్పాలి? నేల బాగుపడుతుందనా, బాగుపడితే పోతుందనా? రెండూ టెన్నేకి తెలుసు. నోరు మూసుకుంది.

ఆ వానాకాలం ఇంట్లో ఏమీ తినలేదు. కర్రపెండలం తిన్నారు.

ఉత్తరపు గాలి వచ్చింది. బైందు కోలా గింజల్ని ఆకులో చుట్టుకొని కినెయి ఇంటికి వెళ్ళింది.

"ఎలా ఉందమ్మా మా నేల?"

"ఏం నేల పెద్దయ్యా. మోకాలి లోతు ఊబి. నాటిందంతా ఎర్రబడి పోయింది. గింజ ఇంటికి రాలేదు."

మాటలు నున్నగా, ఎక్కడా తగలకుండా వచ్చాయి. ఛాతీలో అడ్డుపడలేదు. పక్కన చెవులు మూసుకొని నిలబడే ఆ రెండో మనిషి కోసం ఆమె లోపల వెతికింది. అక్కడ ఎవరూ లేరు. కొడుకు పోయిన తర్వాత కొన్నాళ్ళకి, వాడి పేరు తలుచుకుంటే అది మామూలు మాటలాగే, ఇంటి వెనకున్న కుప్పనే గుర్తుకు తెచ్చిన రోజు ఒకటి ఉంది. ఇదీ అలాంటి రోజే.

కినెయి గింజ కొరికాడు. సగం ఇస్తూ, "ఇకమీద ఏటేటా ఈ తిరుగుడెందుకులే," అన్నాడు. "ఉన్నన్నాళ్ళు చేసుకో. కావాలంటే చెట్టు నాటుకో. ఆ మలుపు గురించి మా ఇంట్లో ఎవరూ నిన్ను అడగరు."

ఎవరికీ దక్కని మాట అది. వచ్చినవాళ్ళలో ఎవరితోనూ ఎప్పుడూ ఎవరూ అనలేదు. ఆమె నేలకి చేయి తాకించి కళ్ళకద్దుకుంది. సగం గింజ నోట్లో చేదుగా ఉంది. చేదు తర్వాత రావాల్సిన తీపి కోసం నమిలింది.

అక్కడినుంచి నేరుగా బాడవకి వెళ్ళింది. తుంగ ఇంకా మనిషెత్తున ఉంది. దాని వెనక దాచాల్సింది ఏమీ లేదు. మడుల్లో ఎర్రనీరు ఇంకి, నేల నెర్రెలిచ్చి, నెర్రెల అంచున తుప్పు పొడిలా పేరుకుంది. గట్లు వానలకి కరిగి పశువుల వీపుల్లా వంగిపోయాయి. బోదె చివర తను వేసిన అడ్డుకట్ట మాత్రం చెక్కుచెదరలేదు.

పై గట్టులో తను కొట్టిన గండి దగ్గర నిలబడింది. ఊట సన్నగా, తీగలా లోపలికి జారుతోంది. ఆలోచన ఏదీ లేదు. చాలాసేపు ఏ ఆలోచనా లేకుండా ఉండగలగడం ఆమె ఈ మధ్యే నేర్చుకుంది. కొంతసేపటికి ఏదో కదులుతున్నట్టు అనిపించి కిందికి చూసింది. కుడికాలు మడమతో మట్టిని తోసి, వేళ్ళతో అదుముతోంది. గండి దాదాపు మూసుకుపోయింది. నీరు వెనక్కి తగ్గి బోదె వైపు తిరిగి వెళ్ళడానికి చూస్తోంది.

ఇప్పుడిది తనది. కినెయి మాట ఇచ్చాడు. నేల ఎర్రబడి ఉన్నన్నాళ్ళే ఆ మాట నిలుస్తుంది.

ఆమె ఆ కాలి వంక, వేరెవరిదో కాలిని చూసినట్టు చూసింది. దాన్ని ఆపింది. బొటనవేలితో మట్టిని కొద్దిగా పక్కకి తీసింది. ఎర్రనీరు మళ్ళీ లోపలికి జారడం మొదలుపెట్టింది.